అష్రఫీ మీద వెలుగు

వికారాబాదు,
18 జనవరి 1961

తమ్ముడు ఏసుదాసుకు,

అక్క మార్త ప్రేమతో రాస్తున్నది. మీరిద్దరూ క్షేమమని నమ్ముతాను. రూతుకు దగ్గు తగ్గిందా? తాండూరు బండల దుమ్ము ఆ పిల్లకు పడదని మీ పెళ్లినాడే చెప్పాను. నా మాట ఎవరు విన్నారు?

ఈ ఉత్తరం తెచ్చిన నర్సప్ప మామ చేతిలో ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది. మూత చుట్టూ గుడ్డ కుట్టి, కుట్టు మీద లక్క పోసి, దాని మీద నా ఉంగరం ఒత్తాను. ఆ ముద్ర పగలకుండా ఉందో లేదో మామ ఎదుటే చూడు. మామ మన అమ్మ తోడబుట్టినవాడే, కాదనను. అయినా బండల బేరానికి తిరిగే మనిషి. దారిలో ఎవరి పక్కన కూచుంటాడో, ఎక్కడ కునుకు తీస్తాడో మనకేం తెలుసు?

డబ్బాలో మీ బావ నాణేలున్నాయి. స్టేషన్లో టికెట్లు ఇస్తూ ఉన్నన్నాళ్లూ, కిటికీలోకి పాత నాణెం వస్తే తన జేబులోది గల్లాలో వేసి దాన్ని ఇంటికి తెచ్చుకున్న మనిషి. నీకు తెలియనిదేముంది. నిజాం సర్కారు హాలీ రూపాయలు, విక్టోరియా రూపాయలు, గుల్బర్గా సుల్తానుల నాటి రాగి బిళ్లలు, అన్నిటికన్నా మీద ఎర్రగుడ్డలో చుట్టిన బంగారు అష్రఫీ. అది టికెట్ల కిటికీలో వచ్చింది కాదు. బావ తాతకు ఒక జాగీర్దారు ఇంట్లో ఇనాముగా వచ్చింది.

ఆయన పోయి ఈ వానాకాలానికి ఏడాది అవుతుంది. హైదరాబాదులో ఒక ప్రదర్శనశాల వాళ్లకు నేను రాస్తే జవాబు వచ్చింది. ముందు ప్రతి నాణేనికీ రెండు వైపులా ఫోటోలు తీసి పంపాలట, అక్షరం అక్షరం కనబడాలట. నచ్చితే అద్దాల పెట్టెలో పెట్టి, కింద చీటీ మీద ‘జంగప్ప, వికారాబాదు’ అని ఆయన పేరు వేస్తామన్నారు. ముందు నాణేలే పంపమంటే నేను పంపేదాన్ని కాదు. ఫోటో ఉంటే రేపు ఎవరూ మార్చి పెట్టలేరు.

అందుకే నీకు పంపుతున్నాను. వెండివన్నీ బూడిద, చింతపండు పెట్టి తళతళా తోమాను. ఒక్కటి కూడా నీ చెయ్యి దాటి పోకూడదు. నువ్వు అన్నానికి వెళ్లేటప్పుడు స్టూడియోలో ఎవరుంటారు? జవాబు రాయి.

నీ అక్క,
మార్త


తాండూరు,
27 జనవరి 1961

అక్కకు వందనాలు.

డబ్బా అందింది. ముద్ర పగల్లేదు. మామ ఎదుటే తిప్పి తిప్పి చూశాను. చూస్తున్నంతసేపూ ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. “మీ అక్క నన్ను దొంగను జేసిందిరా” అని చాయ్ కూడా ముట్టకుండా లేచిపోయాడు. నేను అన్నానికి వెళ్లినప్పుడు స్టూడియోకు తాళం ఉంటుంది. తాళంచెవి నా మొలతాడుకు ఉంటుంది. సరేనా?

నాణేల ఫోటో తీయడం పెళ్లికొడుకు ఫోటో తీసినట్టే అనుకున్నాను. కాదు. మొదట గుమ్మం బయట ఎండలో పెట్టి తీశాను. వెండి రూపాయి అద్దంలా మెరిసి, కాగితం మీద తెల్లటి అప్పడంలాగా వచ్చింది. ఒక్క అక్షరం లేదు. నాణేలను తోమకూడదక్కా. అక్షరాల సందుల్లో పాత నలుపు ఉంటేనే అక్షరం విడిగా కనబడుతుంది. నువ్వు ఆ నలుపంతా పోగొట్టావు. అయిందేదో అయింది, ఇంక తోమకు.

తర్వాత ఒక పలక నిలబెట్టి, దాని మీద చిటికెడు మైనంతో నాణేన్ని అతికించాను. కెమెరాను ముక్కు ఆనేటంత దగ్గరికి జరిపాను. ఎదురుగా దీపం పెడితే మళ్లీ అప్పడమే. ఒక పక్కనుంచి, నాణెం ఒంటిని రాసుకుంటూ పోయేటట్టు వెలుగు పడితే, ప్రతి గీతకూ ఇంత నీడ పుట్టింది. ఆ నీడే అక్షరం. చివరకు పలక కిందనే బల్ల మీద బల్బు పెట్టి కొన్ని తీశాను. వాటిని ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. చూసి చెప్పు. అష్రఫీ జోలికి ఇంకా పోలేదు.

రూతుకు దగ్గు తగ్గింది. నీకు వందనాలు చెప్పమంది.

నీ తమ్ముడు,
ఏసుదాసు


వికారాబాదు,
3 ఫిబ్రవరి 1961

ఏసుదాసుకు,

ఫోటోలు చూశాను. గీతలు స్పష్టంగానే ఉన్నాయి. కానీ నిన్ను ఒక్క మాట అడుగుతాను, సూటిగా జవాబు చెప్పు. ఇవి నాణేల ఫోటోలేనా?

హాలీ రూపాయి మీద చార్మినారు ఉబ్బెత్తుగా ఉంటుంది. కళ్లు మూసుకుని వేలితో తడిమినా చెప్పగలను. నీ ఫోటోలో చార్మినారు గుంటలో ఉంది. మీనార్లు లోపలికి దిగబడి ఉన్నాయి. అక్షరాలు కూడా అంతే. నేను నిజాం కాలపు బడిలో చదివి ఉర్దూలోనే పరీక్ష పాసైనదాన్ని. అక్షరాన్ని చదవడమే కాదు, అది లేచి ఉందో పడి ఉందో కూడా తెలుసు. మెత్తటి సబ్బుబిళ్ల మీద నాణేన్ని ఒత్తితే పడే గుంట ఎట్లా ఉంటుందో, నీ ఫోటోలన్నీ అట్లా ఉన్నాయి.

అంటే ఇవి నాణేల ఫోటోలు కావు, అచ్చుల ఫోటోలు. అచ్చు ఎందుకు తీస్తారో నాకు తెలియదనుకోకు. దాంట్లో ఇంకొకటి పోయడానికి తీస్తారు. ఎవరితో తీయించావు? నువ్వు తీయించలేదంటే, నువ్వు అన్నానికి పోయినప్పుడు ఎవరు తీశారు?

నీ మీద నమ్మకం లేక కాదు. ఆయన లేని ఇంట్లో నేను ప్రతిదీ రెండుసార్లు చూసుకోవలసి వస్తున్నది.

మార్త


తాండూరు,
9 ఫిబ్రవరి 1961

అక్కకు,

వందనాలు రాయడానికి మనసు రావడం లేదు, అయినా వందనాలు.

ఈ ఉత్తరం పక్కన పెట్టు. నేను పంపిన ఫోటో ఒకటి చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి పో. దాన్ని తలకిందులు చేసి చూడు. చూశావా? ఇప్పుడు మిగతా ఉత్తరం చదువు.

మనం పుట్టినప్పటినుంచీ సూర్యుడు మీదనే ఉన్నాడు. అందుకని కంటికి వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుందన్న అలవాటు. నేను బల్బును కింద పెట్టానని రాశాను కదా. నీడలన్నీ పైకి పడ్డాయి. నీ కన్ను అలవాటు కొద్దీ వెలుగు పైనుంచి పడిందనుకుంది, అందుకే ఉబ్బెత్తుగా ఉన్నదంతా గుంటగా కనబడింది. నాణెం నాణెమే. తప్పు బల్బుది. దాన్ని కింద పెట్టిన నాది. అచ్చు లేదు, పోత లేదు, దొంగ లేడు.

ఇప్పుడు అన్నీ మళ్లీ తీశాను. ఉత్తరం వైపు కిటికీ ఒక్కటే తెరిచి, దానికి తెల్లటి పతంగుల కాగితం కట్టాను. ఎడమ పక్క పైనుంచి వెలుగు మెత్తగా దిగుతుంది. నాణేన్ని గాజుపలక మీద పెట్టి, ఆ పలక కింద జానెడు ఎడంగా నల్లగుడ్డ పరిచాను. నాణెం గాలిలో తేలుతున్నట్టు వస్తుంది. అంచు చుట్టూ మకిలి నీడ ఉండదు. కొత్తవి జతచేశాను. వీటిని ఏ వైపు తిప్పుకుంటావో తిప్పుకో.

మొన్న అష్రఫీ తీశాను. ఇన్నేళ్ల నా పనిలో అంత మంచి ఫోటో ఇంకోటి లేదు. మూరెడు కాగితం మీద పెద్దది చేసి స్టూడియో ముందు అద్దంలో పెట్టాను. సంతకు వచ్చినవాళ్లు ఎడ్లబండ్లు ఆపి మరీ చూస్తున్నారు. బావ ఉంటే ఎంత మురిసేవాడో.

ఏసుదాసు


వికారాబాదు,
20 ఫిబ్రవరి 1961

చిరంజీవి ఏసుదాసుకు,

తిప్పి చూశాను. చార్మినారు లేచి నిలబడింది. మళ్లీ తిప్పితే పడుకుంది. మా బడిలో ఏడో తరగతి పిల్లలకు చూపిస్తే వాళ్లు గంట కొట్టినా బయటికి పోలేదు. నీ మాట నిజమే. నేను తొందరపడ్డాను. కొత్త ఫోటోలు ముత్యాల్లా ఉన్నాయి. ఈ మాట ఇక్కడితో చాలు, నన్ను ఇంకా దెప్పకు.

కానీ అష్రఫీ ఫోటోను బజారులో పెట్టమని నీకు ఎవరు చెప్పారు? ఆయన బతికున్నన్నాళ్లూ మా ఇంట్లో అది ఉందని పక్కింటికి తెలియదు. ఇప్పుడు సంతకు వచ్చిన ప్రతివాడికీ తెలుసు. నర్సప్ప మామ వచ్చి ఏమన్నాడో విను: “నీ బంగారి బిళ్లను తాండూరంత సూస్తున్నది బిడ్డా. ఒకామె అయితే అద్దానికి ముక్కు ఆనిచ్చి గంటసేపు నిలవడ్డది. బురఖా ఆమె. మీ తమ్ముడు లోపటికి పిల్సి కూసోబెట్టి మాట్లాడిండు. నన్ను జూసి ఇద్దరూ సప్పుడు జెయ్యలే.”

ఎవరామె? నీకూ ఆమెకూ ఏం మాట? మామను చూసి ఎందుకు ఊరుకున్నారు?

ఊరంతా చూసిన ఫోటో నాకు ఇంకా ఎందుకు రాలేదు? ప్రదర్శనశాలకు ముందుగా పంపవలసింది దాన్నే. వెంటనే అద్దంలోంచి తీసి, నాకు పంపు.

అక్క


తాండూరు,
26 ఫిబ్రవరి 1961

అక్కకు వందనాలు.

అద్దంలోంచి ఫోటో దించేశాను. ఆ వచ్చినామె భర్తతో కలిసి ఫోటో తీయించుకోవడానికి వచ్చింది. ఈ ఊరి మనిషే. పెద్ద విశేషమేమీ లేదు.

అష్రఫీ ఫోటో పంపడం లేదు. పసుపు లోహం మీద వెలుగు సరిగా నిలవలేదు. అక్షరాలు మెత్తబడ్డాయి. ఒక మాట వింటావా? ప్రదర్శనశాలకు అష్రఫీ పంపవద్దు. మిగతావి చాలు, వాటికే బావ పేరు వేస్తారు. అష్రఫీ ఆయన గుర్తుగా నీ పెట్టెలోనే ఉండనీ. ఎవరికీ చూపించకు. ఎవరి చేతికీ ఇవ్వకు. వచ్చే వారం మామ వస్తే డబ్బా పంపుతాను.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. బడి సెలవుల్లో వచ్చి పది రోజులు ఉండు. రూతు కూడా అడుగుతున్నది.

తమ్ముడు


వికారాబాదు,
10 మార్చి 1961

ఏసుదాసుకు,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా ఒక్కచోటే ఆగిపోతున్నాను. వెలుగు నిలవలేదని రాశావు. మరి బండ్లు ఆపి చూసేటంత పెద్ద బొమ్మను ఏ వెలుగులో తీశావు? ఆ ముందు ఉత్తరంలో అంత మంచి ఫోటో ఇంకోటి లేదన్నావే! పదిహేను రోజుల్లో మంచి ఫోటో చెడ్డది ఎట్లా అయింది? ఎవరికీ చూపించకు అన్నావు. ఎందుకు? నా వస్తువు నేను చూపించుకోవడానికి నీకేం భయం?

డబ్బా వచ్చింది. ఎర్రగుడ్డ విప్పి చూశాను. నా కంటికి ఎప్పటి అష్రఫీలాగానే ఉంది. అయినా మనసు ఒప్పక కంసాలి వెంకటయ్య దగ్గరికి తీసుకుపోయాను. అతను చేతిలో ఎగరేసి చూశాడు. రాయి మీద గీశాడు. తర్వాత అంచును నా కంటి దగ్గర పెట్టాడు.

“అమ్మా, ఏమనుకోకుండ్రి. గిది బంగారం గాదు. ఇత్తడి. మీద బంగారు నీళ్లు తాపిండ్రు. పోత పోసిన మాల్. గీ సన్న సన్న తొర్రలు జూడుండ్రి. గీ అంచుకు ఆకురాయితోని రాకిన గీతలు జూడుండ్రి.”

“ఎన్నడు చేసింది?” అని అడిగాను.

“గది నేనెట్ల చెప్తనమ్మా. పని అయితే సాఫ్ ఉన్నది.”

ఇంటికి ఎట్లా వచ్చానో నాకే తెలియదు.

నేను అచ్చులని రాసినప్పుడు నన్ను తలకిందులు చూడమన్నావు. నేను తిప్పి చూసి, నవ్వుకుని, ఊరుకున్నాను. ఇప్పుడు దీన్ని ఏ వైపు తిప్పి చూడాలి, నువ్వే చెప్పు. ఈస్టరు పండుగ లోపల అష్రఫీ నా ఇంటికి రావాలి. ఎట్లా పోయిందని అడగను. వస్తే చాలు.

మార్త


తాండూరు,
15 మార్చి 1961

అక్కకు,

నేను మార్చలేదు. నువ్వు ముద్ర వేసి పంపిన డబ్బాలో ఏది వచ్చిందో, అదే నీకు తిరిగి వచ్చింది. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేను. అడగవద్దు.

నీ ఉత్తరం రూతు చదివింది. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. నేనేదో దాస్తున్నానని ఆమె కూడా అనుకుంటున్నది.

ఏసుదాసు


వికారాబాదు,
21 మార్చి 1961

ఏసుదాసుకు,

నా డబ్బాలో వచ్చిందే తిరిగి వచ్చిందని రాశావు. ఆ మాటకు అర్థమేమిటో రాసేముందు ఆలోచించావా? మా ఇంట్లో మొదటినుంచే ఇత్తడి బిళ్ల ఉందనా? మీ బావ బంగారం పేరుతో ఇత్తడిని పెట్టెలో దాచి, పెళ్లాన్ని మోసం చేశాడనా? గల్లాలో అణా తక్కువైతే తన జీతంలోంచి వేసిన మనిషిని, నోరు తెరిచి జవాబు చెప్పలేని మనిషిని, అనడానికి నీకు చేతులెట్లా వచ్చాయి? నువ్వు తీసుకున్నానని ఒప్పుకున్నా నాకు ఇంత నొప్పి ఉండేది కాదు.

ఆ బురఖా ఆమె ఎవరో కూడా చెప్పలేదు. మాల్ ఆమె ద్వారానే పోయిందని మామ అంటున్నాడు. నాయిన చెయ్యి విరగ్గొట్టినప్పుడు మన ఇల్లు ఎట్లా ఏడ్చిందో నువ్వు మరిచిపోయినట్టున్నావు. అప్పుడు నీకు మీసాలు కూడా రాలేదు. నేను మరిచిపోలేదు. రజాకార్లు మన పూడూరు మీద పడిన ఆ ఏడాది నుంచి నాయిన పోయేదాకా ఆయన నోట్లో ముద్ద పెట్టింది నేను.

నర్సప్ప మామ, సంఘపెద్ద ఒకాయన నీ దగ్గరికి వస్తున్నారు. వాళ్లకు చెప్పు. పండుగకు నువ్వు ఇక్కడికి రావద్దు.

మార్త


తాండూరు,
28 మార్చి 1961

అక్కకు,

మామ, ఆ పెద్దమనిషి వచ్చారు. స్టూడియోలో ఫోటోకు కూచున్న ఒక కుటుంబం ఉంది. వాళ్ల ముందే మామ, “అక్క సొమ్ము తిని సుఖంగుంటవారా?” అని అరిచాడు. బయట బజారంతా గుమిగూడింది. పెట్టెలన్నీ వెతుక్కోమన్నాను, వెతికారు. ఫిల్ము డబ్బాలు కూడా తెరిచారు, లోపలి ఫిల్మంతా వెలుగు తగిలి పాడైపోయింది. అందులో ఎవరెవరి ముఖాలున్నాయో, వాళ్లకు ఏం చెప్పాలో తెలియదు.

నాయిన మీద ఒట్టు వేయమన్నారు. వేశాను.

నీకు చెప్పకపోవడానికి కారణం ఉంది. అది నాకోసం కాదు. ఇదే నా చివరి మాట. నీ ఆరోగ్యం చూసుకో.

ఏసుదాసు


వికారాబాదు,
9 ఏప్రిల్ 1961

తమ్ముడా,

పండుగ వెళ్లిన తెల్లారి పొద్దున పాసింజరు బండికి ఒకామె మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బురఖా ముఖం మీదనుంచి ఎత్తింది. నేను గుర్తుపట్టలేదు.

“మార్తమ్మా, నేను అలీమాబీని. దర్జీ జమాల్ పెండ్లాన్ని. మీ టేషన్ రోడ్ల ఉంటుంటిమి” అంది.

అప్పుడు గుర్తుకొచ్చింది. బావ కోట్లు కుట్టిన జమాల్. పోలీసుచర్య అయిన తర్వాత వాళ్లు ఏమయ్యారో నాకు తెలియదు, నేను అడగనూ లేదు. లోపలికి రమ్మనాలని కూడా నాకు తోచలేదు. ఆమే చెప్పులు విడిచి లోపలికి వచ్చి కింద కూచుంది.

“మీ తమ్మున్ని బద్నాం జెయ్యకుండ్రి. గా అష్రఫీ నేను తీస్కపోయిన” అంది.

నాకు ఒళ్లు మండింది. “మామ చెప్పింది నిజమేనన్నమాట. ఏసుదాసు నీకే ఇచ్చాడా?” అన్నాను.

“గా పిల్లగాడు గాదమ్మా. మీ సారు ఇచ్చిండు. పన్నెండు పదమూడేండ్లయింది.”

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నాకు ఇంకో తీరుగా రాయడం చేతకాదు.

“గా గడబిడల రజాకారని మా ఆయనను జైల్ల ఏసిండ్రు. గాయన దర్జీ, సూది తప్ప చేతుల ఏం పట్టలే. గది ఎవలు వింటరు? ఇల్లు కాలిపాయె. పిల్లలను తీస్కొని టేషన్ల గూడ్సు షెడ్డు ఎన్క కూసున్న. యాడికి పోవాల్నో తెల్వది. సారు కిటికీ బంద్ జేసి వచ్చిండు. గుల్బర్గకు టికెట్లు ఇచ్చిండు. మల్ల ఇంటికి పోయి వచ్చి, గా అష్రఫీ నా చేతుల పెట్టిండు. ‘గిది అమ్మి వకీలును పెట్టు, జమాల్‌ను బయటికి తీస్కరా’ అన్నడు. గా వకీలుతోనే మా ఆయన బయటికి వచ్చిండమ్మా. లేకుంటే జైల్లనే పోతుండె.”

“ఇంట్లో అడిగి ఇచ్చాడా?” అన్నాను. ఏం జవాబు వస్తుందో తెలిసే అడిగాను.

“నేను గూడ గదే అడిగిన. ‘మార్తకు నాయిన చెయ్యి ఇరిగిన కోపం ఇంక సల్లారలే. అడిగితే ఇయ్యది. అడగకుంట ఇస్తున్న’ అన్నడు.”

“మరి పెట్టెలో ఉన్నదేమిటి?”

“ఎన్క ఎన్నడో తాండూర్ల మా ఆయనకు కలిసిండంట, గది మొన్న నేను అద్దంల బొమ్మ సంగతి చెప్పినంకనే నాకు చెప్పిండు. ‘ఖాళీ గుడ్డ జూస్తే మార్త అడుగుతది. గందుకే ఇంకొకల్ల అష్రఫీకి అచ్చు తీయించి గసొంటిదే పోయించి పెట్టిన’ అని నవ్విండంట.”

నవ్వాడట. ఆ నవ్వు నాకు తెలుసు. మీసం కింద దాచుకునే నవ్వు.

నీ స్టూడియో అద్దంలో అష్రఫీ బొమ్మ చూసి, ఇది ఎక్కడినుంచి తిరిగి వచ్చిందా అని నిలబడిపోయిందట. లోపలికి పోయి నీకు అంతా చెప్పిందట. అప్పటికే నువ్వు పెద్ద బొమ్మ మీద ఆ సన్న తొర్రలు చూసి, ఏం తోచక ఉన్నావట. “అక్కకు చెప్పకు. బావ మీద మనసు విరుగుతది. మీ మీద కోపం లేస్తది” అని ఆమెతో మాట తీసుకున్నావట. ఆ మాట మీద ఆమె ఊరుకుంది. మామ బజారులో అరిచిన సంగతి విన్న తర్వాత ఊరుకోలేక, జమాల్ వద్దంటున్నా బండి ఎక్కి వచ్చింది.

నేను ఆమెకు అన్నం పెట్టాను. పండుగనాటి మాంసం మిగిలి ఉంటే, హలాల్ చేయనిది ముట్టదని తెలిసి, పప్పు వండాను. విస్తరి ఆమె ముందు కొంచెం గట్టిగానే పెట్టాను. కోపంతోనో, మరి దేనితోనో నాకే తెలియలేదు. ఆమె తిన్నది. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకోబోయి, మళ్లీ వెనక్కి తీసుకుంది. నేనే పట్టుకున్నాను. కాసేపే.

నర్సప్ప మామను పిలిచి అంతా చెప్పాను. ఎక్కడ అరిచాడో అక్కడే నిలబడి, ఏసుదాసు తప్పు లేదని అదే గొంతుతో అరిచి చెప్పాలన్నాను. మొదట గునిశాడు. చెప్పకపోతే నా గుమ్మం తొక్కవద్దన్నాను. ఒప్పుకున్నాడు. బుధవారం నీ దగ్గరికి వస్తాడు, ఈసారి చాయ్ తాగించు. రూతుకు నేను వేరే రాశాను. ఆ ఉత్తరం నువ్వు విప్పకు.

ప్రదర్శనశాలకు మిగతా ఫోటోలన్నీ పంపేశాను. అష్రఫీ ఊసు ఎత్తలేదు. ఆయన పేరు హాలీ రూపాయల కింద ఉంటే చాలు.

ఇప్పుడు నీ సంగతి. నేను నిన్ను అనుమానించాను. అందుకు నువ్వు బాధపడ్డావు, ఫోటోకు వచ్చినవాళ్ల ముందు, ఊరి ముందు తల దించుకున్నావు. దానికి నేను ఏం చెప్పినా తక్కువే. కానీ ఒకటి ఆలోచించు. నేను నిన్ను రెండు నెలలు అనుమానించాను. ఆయన నన్ను చనిపోయేదాకా అనుమానించాడు. నిజం తెలిసిన రోజున నువ్వు కూడా ఆయన పక్కనే నిలబడ్డావు. అక్క గుండె రాయి, చెబితే పగులుతుందే తప్ప కరగదని మీరిద్దరూ అనుకున్నారు. నన్ను ఏ వైపు వెలుగులో చూశారో మీకే తెలియాలి.

అడిగితే ఇయ్యది అన్నాడట. అది నిజమా అని అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. ఇవ్వనని అనేదాన్నే. పొద్దుగూకేదాకా అరిచేదాన్ని. నాయిన చెయ్యి చూపించేదాన్ని. ఆ తర్వాత, గూడ్సు షెడ్డు వెనక పిల్లలు కూచున్నారని చెబితే, ఇచ్చేదాన్నో లేదో. అది నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం ఆయన నాకు ఇవ్వలేదు. అష్రఫీ పోయినందుకు నాకు బాధ లేదు. దీనికే ఉంది.

నిన్ను చూడాలని ఉంది. అయితే ఈ ఆదివారం రాకు. ఆపై ఆదివారం రా, రూతును తీసుకుని రా. ఈ వారం మీ బావతో నాకు తగాదా ఉంది.

నీ అక్క,
మార్త